తెలుగు కథల పుస్తకం ఆఫ్‌సెట్‌కి ఇవ్వాలి: లోపలి పేజీలు, కవర్ పీడీఎఫ్ ఎలా సిద్ధం చేయాలి?

కథలసంచి

నమస్కారం అండీ. ఒక కథల సంపుటి 500 కాపీలు వేయించాలి. డెమీ 1/8 సైజు. లోపల 70 జీఎస్ఎం మ్యాప్‌లిథో మీద సింగిల్ కలర్. కవర్ 300 జీఎస్ఎం ఆర్ట్ కార్డు, మల్టీకలర్, మ్యాట్ లామినేషన్, పర్ఫెక్ట్ బైండింగ్ (ఆకులను గమ్‌తో అట్టకు అతికించేది).

మ్యాటరంతా వర్డ్‌లో, యూనికోడ్‌లో ఉంది. పేజీ సైజు 5.5 × 8.5 అంగుళాలకు మార్చితే 186 పేజీలు వచ్చింది. లోపల 12 పాత ఫొటోలున్నాయి, కొన్ని వాట్సాప్‌లో అందినవి. కవర్‌కి ముందు అట్ట మాత్రం కాన్వాలో తయారైంది. వెనక అట్ట, స్పైన్ (పుస్తకం వీపు) ఇంకా చేయలేదు.

ప్రెస్ వాళ్లు చెప్పింది ఇంతే: "ప్రింట్ రెడీ పీడీఎఫ్ ఇవ్వండి, ఫాంట్లు కర్వ్స్ చేయండి, బ్లీడ్ వదలండి." వర్డ్ నుంచే పీడీఎఫ్ తీసి ఇస్తే సరిపోతుందా, లేక ఇన్‌డిజైన్‌లోకి మార్చాలా? స్పైన్ ఎంత పెట్టాలి? పంపే ముందు ఏమేం చూసుకోవాలో తెలిసినవాళ్లు చెప్పండి.

ప్లేట్‌రూమ్

ముందు నలుపు సంగతి తేల్చుకోండి. మిగతా తప్పులు చాలావరకు ప్రెస్‌లో ఎవరో ఒకరు పట్టుకుంటారు. ఇది మాత్రం కాగితం మీద పడ్డాకే కనిపిస్తుంది.

సింగిల్ కలర్ అంటే ఒకే ఒక బ్లాక్ ప్లేటు. మీ అక్షరాలు ఆ ప్లేటు మీద నూటికి నూరు శాతం నలుపుగా ఉండాలి. తెర మీద నల్లగా కనిపించేవన్నీ అలా ఉండవు. ఆర్‌జీబీలో (తెర రంగుల పద్ధతిలో) సున్నా-సున్నా-సున్నాగా ఉన్న నలుపును, ఫొటోషాప్‌లో మొదటినుంచీ ఉండే స్వాప్ ప్రొఫైల్‌తో సీఎంవైకేకి, అంటే అచ్చులో వాడే నాలుగు ఇంకులకు, మార్చి చూడండి: సయాన్ 75, మెజెంటా 68, యెల్లో 67, బ్లాక్ 90 అవుతుంది. ఈ ఫైలును సింగిల్ కలర్ ప్రెస్‌లో బ్లాక్ ప్లేటు మాత్రమే తీస్తే అక్షరం 90 శాతం టింట్‌గా పడుతుంది. అంటే గీత గట్టిగా రాదు, చుక్కలుగా విడిపోతుంది. సన్నటి తలకట్లు, ఒత్తుల తోకలు రంపం పళ్లలా కనిపిస్తాయి. అదే నలుపు కవర్ మీద ఉంటే నాలుగు ప్లేట్లలోనూ అక్షరం పడుతుంది. మెషీన్ మీద ఒక ప్లేటు 0.1 మి.మీ. జరిగినా అక్షరం పక్కన రంగు నీడ తేలుతుంది, క్ష, జ్ఞ, స్త్ర లాంటి చోట్ల లోపలి ఖాళీలు పూడిపోతాయి. ఇంగ్లిష్ అక్షరానికి ఇంత నష్టం ఉండదు. మన లిపిలో చిన్న చిన్న ఖాళీలు ఎక్కువ కాబట్టి దెబ్బ ఎక్కువ.

వర్డ్‌లో రంగు 'ఆటోమేటిక్' అని ఉన్న అక్షరాలు, నేరుగా 'సేవ్ యాజ్ పీడీఎఫ్' చేస్తే సాధారణంగా శుద్ధమైన నలుపుగానే వస్తాయి. హెడ్డింగ్ స్టైళ్ల ముదురు నీలం, వెబ్ నుంచి కాపీ చేసి తెచ్చిన పేరాల ముదురు బూడిద రంగు, వర్చువల్ ప్రింటర్‌తో తీసిన పీడీఎఫ్‌లు, వీటితోనే చిక్కు. అందుకే ఊహ మీద వదలకండి, అక్రోబాట్ ప్రోలో చూడండి:

ప్రింట్ ప్రొడక్షన్‌లో అవుట్‌పుట్ ప్రివ్యూ తెరవండి. బ్లాక్ పక్కన టిక్ తీసేయండి. పేజీ తెల్లగా అయిపోవాలి. ఏ అక్షరమైనా రంగుగా మిగిలితే అది తప్పు. తర్వాత బ్లాక్ ఒక్కటే ఉంచి, కర్సర్‌ను అక్షరం మీద పెట్టండి. 100 చూపించాలి. 90, 87 అని చూపిస్తే మళ్లీ వెనక్కి వెళ్లాల్సిందే. వర్డ్‌లో మొత్తం మ్యాటర్ ఎంచుకుని రంగు 'ఆటోమేటిక్' చేసి మళ్లీ తీయడం మేలు. కుదరకపోతే అక్రోబాట్ ప్రీఫ్లైట్‌లో 'కన్వర్ట్ టు గ్రేస్కేల్' ఫిక్సప్ నడపండి. అయితే ముదురు బూడిద రంగు అక్షరం గ్రేస్కేల్‌లోనూ బూడిదగానే ఉంటుంది, దాన్ని మూలంలోనే సరిచేయాలి.

ఫొటోల లెక్క. డెమీ పేజీలో మార్జిన్లు పోగా మ్యాటర్ వెడల్పు 4.1 అంగుళాలు అనుకుంటే, 300 పీపీఐకి (అంగుళానికి 300 పిక్సెళ్లు) 1,230 పిక్సెళ్లు కావాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో కుదించుకుపోతుంది. పిక్సెళ్లు సరిపోయినా ముఖాల చుట్టూ జేపెగ్ మరకలు మిగులుతాయి. పంపినవాళ్లను అదే ఫొటో 'డాక్యుమెంట్'గా పంపమనండి. పాత కార్డ్‌సైజు ఫొటోలైతే 600 డీపీఐలో స్కాన్ చేయించండి, రెట్టింపు పెద్దవి చేసుకున్నా 300 నిలుస్తుంది. పత్రికలో అచ్చయిన ఫొటోను స్కాన్ చేస్తే పాత చుక్కలు, కొత్త చుక్కలు కలిసి గళ్లుగళ్లుగా అవుతుంది. స్కానర్‌లో 'డీస్క్రీన్' పెట్టుకోవాలి.

మ్యాప్‌లిథో ఇంకును పీల్చుకుంటుంది, చుక్క ఉబ్బుతుంది. తెర మీద సరిగ్గా ఉన్న ఫొటో కాగితం మీద మసిబారుతుంది. ఫొటోషాప్‌లో గ్రేస్కేల్ చేశాక 'కర్వ్స్' అనే సాధనంలో (ఇది ఫాంట్ల కర్వ్స్ కాదు) మధ్య టోన్లు 8–10 శాతం తేలిక చేయండి. అత్యంత నల్లటి చోటు 92–95 శాతం దాటకుండా, ముఖం మీద తెల్లటి భాగం 4–5 శాతం కంటే తగ్గకుండా చూడండి. తెర మీద కాస్త వెలిసినట్టు అనిపించాలి, అప్పుడే అచ్చులో సరిపోతుంది.

పుటవిన్యాసం

వర్డ్‌తోనే అవుతుందా అన్నదానికి: ఫొటోలు తక్కువ, కథలే ఎక్కువ కాబట్టి అవుతుంది. ఇన్‌డిజైన్ తెలిసినవాళ్లు దగ్గరుంటే దానిలోకి మార్చుకోండి, పేరాలు, ఖాళీలు అందంగా కుదురుతాయి. కానీ తెలుగు యూనికోడ్ పెట్టేముందు పారాగ్రాఫ్ స్టైల్‌లో జస్టిఫికేషన్ కింద 'అడోబ్ వరల్డ్-రెడీ పారాగ్రాఫ్ కంపోజర్' ఎంచుకోవాలి. అది మరిచిపోతే ఒత్తులు విడిపోయి పక్కన కూర్చుంటాయి. కొనే స్తోమత లేకపోతే స్క్రైబస్ ఉచితం. 1.6 వెర్షన్ తీసుకోండి, పాత 1.4లో తెలుగు అక్షరాలు కలవవు. పేజ్‌మేకర్‌కు యూనికోడే తెలియదు, అది యూనికోడ్ కాని అను లాంటి పాత తెలుగు ఫాంట్లకు మాత్రమే.

వర్డ్‌లోనే ఉంటే ఇవి సరిచూడండి. పేజ్ సెటప్‌లో 'మిర్రర్ మార్జిన్స్' పెట్టి, లోపలి వైపు 20 మి.మీ., బయట 15, పైన 18, కింద 20 ఇవ్వండి. పర్ఫెక్ట్ బైండింగ్ పుస్తకం బల్ల మీద పూర్తిగా పరుచుకోదు, లోపలి మార్జిన్ తగ్గితే పాఠకుడు పుస్తకాన్ని విరిచి చదవాల్సి వస్తుంది. ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్‌కి వెళ్లి 'డు నాట్ కంప్రెస్ ఇమేజెస్ ఇన్ ఫైల్' టిక్ చేయండి, ఇది ఫొటోలు పెట్టకముందే చేయాలి. పీడీఎఫ్ సేవ్ చేసేటప్పుడు ఆప్షన్స్‌లో పీడీఎఫ్-ఏ టిక్ పెడితే ఫాంట్లు ఫైలులో పొదిగి ఉంటాయి. పొదగడానికి అనుమతి ఉన్న ఫాంటే వాడండి. లేకపోతే అక్షరాలు బొమ్మగా మారిపోయి, అంచులు చెదురుతాయి.

లైన్ల మధ్య దూరం విషయంలో పిసినారితనం వద్దు. ఒత్తులు కిందికి దిగుతాయి, గుడులు పైకి లేస్తాయి. పై లైను 'ష్ట్ర', కింది లైను 'థీ' ఒకదాన్నొకటి తాకకూడదు. 12 పాయింట్ల అక్షరానికి 17 పాయింట్లు 'ఎగ్జాక్ట్‌లీ' అని పెట్టి, ఒక కథ లేజర్ ప్రింటు తీసి చూడండి. ఫాంటును బట్టి అర పాయింటు అటూ ఇటూ జరపొచ్చు. 'సింగిల్', '1.5' లాంటివి వాడితే ఒక్కో ఫాంటుకు ఒక్కోలా దూకుతుంది. మధ్యలో ఇంగ్లిష్ మాట వచ్చిన లైను మాత్రం వేరేగా కనబడుతుంది.

ప్రెస్‌కు ఇచ్చేది ఒక్కో పేజీగా, వరుసగా, ఖాళీ పేజీలతో సహా ఒకే పీడీఎఫ్. రెండేసి పేజీలు పక్కపక్కన పెట్టి ఇవ్వకండి. ఫారాల (ఒక పెద్ద షీటు మీద కలిపి అచ్చేసి మడిచే పేజీలు) ప్రకారం పేర్చుకోవడం వాళ్ల పని. లోపల అంచుదాకా వెళ్లే బొమ్మలు లేవు కాబట్టి ఆ ఫైలుకు బ్లీడ్, కటింగ్ మార్కులు అక్కర్లేదు. పేజీ సైజు సరిగ్గా 5.5 × 8.5 ఉంటే చాలు.

బైండింగ్‌షాపు

186 పేజీలు ఉంచకండి. డెమీ 1/8 అంటే 18 × 23 షీటులో పక్కకు 8 చొప్పున 16 పేజీల ఫారం. 186ను 16తో భాగిస్తే 11 ఫారాలు పోగా 10 పేజీలు మిగులుతాయి. అర ఫారం 8 పేజీలది, ఒకే ప్లేటు మీద వేసి షీటు తిప్పి మళ్లీ వేస్తారు కాబట్టి గిట్టుబాటే. ఆపైన మిగిలిన 2 పేజీలు ఒంటరి ఆకు. దాన్ని విడిగా అచ్చేసి అతికించాలి, ముందు ఊడేది అదే. 184కు దించండి, లేదా 192కు పెంచండి. రచయిత ఇతర పుస్తకాల జాబితా, కథలు తొలిసారి అచ్చయిన పత్రికల వివరాలు, మొదట్లో ఒక ఖాళీ ఆకు పెడితే 192 తేలిగ్గా నిండుతుంది.

స్పైన్‌కు పేజీలు కాదు, ఆకులు లెక్కపెట్టాలి. 192 పేజీలంటే 96 ఆకులు. 70 జీఎస్ఎం మ్యాప్‌లిథో ఆకు సుమారు 0.09 మి.మీ. మందం. 96 × 0.09 = 8.6 మి.మీ. ఇది లెక్క మాత్రమే. ఒక్కో మిల్లు కాగితం ఒక్కోలా ఉంటుంది. బల్కీ కాగితమైతే అదే 70 జీఎస్ఎం ఇంకా లావుగా వస్తుంది. మీ పుస్తకానికి వాడబోయే కాగితమే 96 ఆకులు కట్టి, డమ్మీ చేసి కొలిచి చెప్పమని ప్రెస్‌ను అడగండి. ఆ కొలత వచ్చేదాకా కవర్ ఫైలు ముగించకండి.

కవర్ అంతా ఒకే ఫైలు: ఎడమ వెనక అట్ట, మధ్య స్పైన్, కుడి ముందు అట్ట. స్పైన్ 8.6 అనుకుంటే 139.7 + 8.6 + 139.7 = 288 మి.మీ. వెడల్పు, 215.9 ఎత్తు. చుట్టూ 3 మి.మీ. బ్లీడ్ కలిపితే 294 × 221.9. బ్లీడ్ అంటే తెల్ల ఖాళీ వదలడం కాదు. నేపథ్య రంగో బొమ్మో కటింగ్ గీత దాటి 3 మి.మీ. బయటికి సాగాలి. కత్తి అర మి.మీ. అటూ ఇటూ పడితే అంచున తెల్ల గీత రాకుండా కాపాడేది అదే. పేరు, బొమ్మలో ముఖం, ధర, ఇవేవీ కటింగ్ గీతకు 5 మి.మీ. లోపు ఉండకూడదు.

స్పైన్‌ను వేరే రంగు పట్టీగా పెట్టాలని చాలామందికి ఉంటుంది. అట్ట ఎక్కించేటప్పుడు 1 మి.మీ. జరగడం మామూలే, ఆ పట్టీ ముందు అట్ట మీదికి పాకుతుంది. వెనక నేపథ్యమే స్పైన్ మీదుగా ముందుకు సాగేలా పెడితే ఆ తేడా కంటికి ఆనదు. స్పైన్ మీద అక్షరాలకు అటూ ఇటూ 1.5 మి.మీ. వదిలితే మీకు 5.6 మి.మీ. మిగులుతుంది. ఒత్తులు, గుడులతో కలిపి ఆ ఎత్తులో ఇమడాలి. పుస్తకం ముందు అట్ట పైకి ఉండేలా పడుకోబెడితే స్పైన్ మీది పేరు నిటారుగా చదవగలగాలి.

ఒక ముఖ్యమైన మాట: కవర్ లోపలి వైపు కూడా అచ్చు పెడుతుంటే, స్పైన్ భాగం, దానికి రెండువైపులా 3 మి.మీ. చొప్పున ఇంకు లేకుండా వదలండి. ఇంకు మీద గమ్ పట్టదు. అట్ట కాగితం గ్రెయిన్ స్పైన్ వెంట నిలువుగా ఉండాలని కూడా ప్రెస్‌తో అనండి. అడ్డంగా ఉంటే మడత దగ్గర పగులుతుంది, లామినేషన్ తర్వాత అట్ట వంపు తిరుగుతుంది.

కథలసంచి

అందరికీ ధన్యవాదాలు. 192 పేజీలు చేస్తాను. మూడు సందేహాలు. ప్రెస్ వాళ్లు కర్వ్స్ అన్నారు, పైన ఫాంట్లు పొదిగితే చాలంటున్నారు, ఏది చేయాలి? కాన్వా ఉచిత ఖాతాలో సీఎంవైకే రావడం లేదు. వెనక అట్ట నల్ల నేపథ్యం మీద తెల్ల అక్షరాల్లో పరిచయ వాక్యాలు, ఐఎస్‌బీఎన్ బార్‌కోడ్ పెట్టాలనుకుంటున్నాం, ఇబ్బందా?

ప్లేట్‌రూమ్

కవర్‌కి కర్వ్స్ చేయండి. లోపలి 192 పేజీలకు వద్దు. కర్వ్స్ చేశాక అది అక్షరం కాదు, ఒక ఆకారం. చిన్న సైజుల్లో గీత ఒక వెంట్రుకవాసి లావెక్కుతుంది, ఫైలు బరువెక్కుతుంది, చివరి నిమిషంలో ఒక అచ్చుతప్పు దిద్దాలన్నా వీలుండదు. అక్రోబాట్‌లో ఫైల్ – ప్రాపర్టీస్ – ఫాంట్స్ తెరవండి. ప్రతి ఫాంటు పక్కన 'ఎంబెడెడ్ సబ్‌సెట్' అని ఉంటే ఏ సీటీపీ (ఫైలు నుంచి నేరుగా ప్లేటు తీసే యంత్రం) అయినా దాన్ని సరిగ్గా తీస్తుంది.

ప్రెస్ వాళ్లు కర్వ్స్ అడగడానికి కారణం ఉంది. కొన్నిచోట్ల పీడీఎఫ్‌ను కోరల్‌డ్రాలో తెరిచి పేజీలు పేరుస్తారు. కోరల్ ఆ టెక్స్టును అక్షరాలుగా తెరిస్తే యూనికోడ్ తెలుగు చెల్లాచెదురవుతుంది, 'క్క' కాస్తా 'క', పక్కన ఒక వత్తు అవుతుంది. వాళ్లకు స్పష్టంగా చెప్పండి: ఇంపోజిషన్ (ఫారాలుగా పేజీలు పేర్చే) సాఫ్ట్‌వేర్‌లోనే పేర్చండి, కోరల్ తప్పదంటే ఇంపోర్ట్ చేసేటప్పుడు టెక్స్ట్ 'కర్వ్స్'గా అని ఎంచుకోండి అని. అలా పేర్చిన ఫైలును మీరు మళ్లీ ఒకసారి చూడాలి.

అను ఫాంట్లతో కంపోజ్ చేసినవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, పొదగడం మరిచిపోతే మీ పేజీ అవతలి కంప్యూటర్‌లో ఇంగ్లిష్ గుర్తుల గందరగోళంగా తెరుచుకుంటుంది. అది వెంటనే కనిపిస్తుంది కాబట్టి ఒకరకంగా మేలే.

అక్షరపాళీ

కవర్ రంగుల గురించి.

కాన్వాలో 288 × 215.9 మి.మీ. కొలతతో కొత్త డిజైన్ తెరవండి. 'షో ప్రింట్ బ్లీడ్' ఆన్ చేసి నేపథ్యాన్ని ఆ గీతదాకా లాగండి. 'పీడీఎఫ్ ప్రింట్' ఎంచుకుని 'క్రాప్ మార్క్స్ అండ్ బ్లీడ్' టిక్ చేసి దింపండి. వచ్చేది ఆర్‌జీబీ. దాన్ని అక్రోబాట్‌లో 'కన్వర్ట్ కలర్స్'తో సీఎంవైకే చేయండి. ప్రెస్ ఏ ప్రొఫైల్ ఇస్తే అది. వాళ్లేమీ చెప్పకపోతే ఆర్ట్ కార్డుకు కోటెడ్ ఫోగ్రా39 పెట్టుకోవచ్చు. అక్కడే 'ప్రిజర్వ్ బ్లాక్' టిక్ చేయాలి, లేకపోతే నల్ల అక్షరాలు నాలుగు రంగుల్లోకి చీలిపోతాయి. మార్చాక మెరిసే నీలం, చిలకపచ్చ, నియాన్ నారింజ చప్పబడతాయి. అది మార్పిడి తప్పు కాదు, ఆ రంగులు నాలుగు ఇంకుల్లో రావు. ఇప్పుడే తెర మీద చూసి, వచ్చే రంగుల్లోంచి ఎంచుకోండి. మ్యాట్ లామినేషన్ మరికొంత మెరుపు తగ్గిస్తుంది.

నల్ల నేపథ్యానికి ఒట్టి బ్లాక్ 100 పెడితే పెద్ద ఖాళీలో వెలిసిన బొగ్గులా ఉంటుంది. సయాన్ 60, మెజెంటా 40, యెల్లో 40, బ్లాక్ 100 పెట్టండి. మొత్తం 240 శాతం, నిశ్చింత. అవుట్‌పుట్ ప్రివ్యూలో 'టోటల్ ఏరియా కవరేజ్' 300 అని పెట్టి చూడండి. రంగు వెలిగిన చోటల్లా ఇంకు ఎక్కువైనట్టు. అక్కడ ఆరదు, పై షీటు వెనక్కి అంటుకుంటుంది, లామినేషన్ కింద బుడగలొస్తాయి.

ఇక ఆ నల్లటి నేపథ్యం మీద తెల్ల అక్షరాలు. నాలుగు రంగులూ చుట్టూ ఉంటాయి కాబట్టి ఏ ప్లేటు జరిగినా తెల్ల గీతలోకి రంగు చొరబడుతుంది. పరిచయ వాక్యాలకు సన్నని ఫాంటు వద్దు. 11 పాయింట్లకు తగ్గకుండా, బోల్డ్‌గా, ఒత్తుల దగ్గర ఖాళీలు విశాలంగా ఉన్న ఫాంటు తీసుకోండి. ఇంకా మంచిది, ఆ పేరా వెనక లేత రంగు పలక పెట్టి అక్షరాలు బ్లాక్ 100లో ఉంచడం. అప్పుడు ఆ నలుపును ఓవర్‌ప్రింట్ చేయొచ్చు, అంటే కింది రంగు మీదే నేరుగా నలుపు పడుతుంది, అంచున తెల్ల సందు రాదు. ఒక్కటి గుర్తుంచుకోండి: ఓవర్‌ప్రింట్ పెట్టిన నల్ల అక్షరాన్ని తర్వాత తెల్లగా మార్చితే ఆ గుణం దానికి అలాగే అంటుకుని ఉంటుంది. తెర మీద కనిపించే తెల్ల అక్షరం ప్లేటు మీద మాయమవుతుంది. అక్రోబాట్‌లో 'సిమ్యులేట్ ఓవర్‌ప్రింటింగ్' ఆన్ చేసి చూస్తే ముందే దొరుకుతుంది.

బార్‌కోడ్ తెల్ల పలక మీద, బ్లాక్ 100 ఒక్కటే. పూర్తి సైజు పక్క ఖాళీలతో కలిపి 37.29 × 25.93 మి.మీ., 80 శాతం దాకా తగ్గించవచ్చు. రెండు పక్కల ఖాళీ కత్తిరించకండి. స్క్రీన్‌షాట్ అతికించకండి, వెక్టర్ ఫైలే వాడండి.

ఇన్‌డిజైన్‌లో కవర్ చేసేవాళ్లకు ఇంకొకటి. ఎక్స్‌పోర్ట్‌లో కటింగ్ మార్కుల ఆఫ్‌సెట్ మొదట 2.117 మి.మీ. ఉంటుంది, బ్లీడ్ 3 మి.మీ. అయినప్పుడు మార్కులు బొమ్మలోకి వస్తాయి. దాన్ని 3.5 చేయండి. అచ్చుకోసం ఉన్న పీడీఎఫ్ రకాల్లో ఎక్స్-4ను ప్రెస్ తీసుకోగలిగితే అదే ఇవ్వండి, పాత రిప్ (పీడీఎఫ్‌ను ప్లేటు చుక్కలుగా మార్చే సాఫ్ట్‌వేర్) అయితే ఎక్స్-1ఏ.

కథలసంచి

కవర్ ఇలాగే చేస్తాను. ప్రెస్ నుంచి ప్రూఫ్ వచ్చాక ఏం చూడాలి? మ్యాటర్ మళ్లీ మొత్తం చదవాలా?

పుటవిన్యాసం

అచ్చుతప్పుల చదువు ఈపాటికి అయిపోయి ఉండాలండీ. ఇప్పుడు చూసేది వేరు. రిప్ అయ్యాక ప్లేటుకు వెళ్లే ఫైలు నుంచి తీసిన పీడీఎఫ్ అడగండి, మీరు పంపిన పీడీఎఫ్‌నే తిప్పి పంపితే దాని వల్ల లాభం లేదు. రెండూ పక్కపక్కన పెట్టి ప్రతి పేజీ మొదటి లైను, చివరి లైను సరిపోల్చండి. ఎక్కడైనా ఫాంటు మారితే లైన్లు జరుగుతాయి, అది ఈ రెండు చోట్లే తెలుస్తుంది. క్ష్మ, స్త్ర, ర్త్య లాంటి మాటలు వెతికి చూడండి. విషయసూచికలో పేజీ నంబర్లు 192 పేజీల లెక్కకు మారాయో లేదో చూడండి, ముందు ఖాళీ ఆకు పెడితే ఇవే తప్పుతాయి. బేసి సంఖ్యలన్నీ కుడివైపు రావాలి.

తర్వాత ఫారాల షీట్లు మడిచిన డమ్మీ అడిగి, పేజీల వరుస చేత్తో తిప్పి చూడండి. డిజిటల్ ప్రింటు మీద కవర్ రంగును ఖాయం చేయకండి, అది టోనరు, అక్కడ పడేది ఇంకు. రంగు మీకు అంత ముఖ్యమైతే కవర్ మెషీన్ ఎక్కే రోజు అడిగి వెళ్లి, ఇంకు కుదిరిన మొదటి మంచి షీటు మీద సంతకం పెట్టిరండి. మిగతా షీట్లు ఆపరేటర్ దానితోనే పోల్చుకుంటాడు. దిద్దుబాట్లు ఫోన్‌లో చెప్పొద్దు. పేజీ నంబరు, లైను, ఉన్నది, కావలసింది రాసి పంపండి, దిద్దిన పేజీ ఒక్కటే కాకుండా మొత్తం పీడీఎఫ్ కొత్త తేదీ పేరుతో మళ్లీ ఇవ్వండి. ప్రెస్ కంప్యూటర్‌లో పాత ఫైలు తీసేయమనండి.